రెండో గిన్నె

కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున మా కర్ణుడు లేవబోయి పక్కకి ఒరిగిపోయాడు. మళ్లీ లేచాడు, మళ్లీ అదే వైపు పడ్డాడు. తల ఎడమ భుజం మీదకి వాలిపోయింది. కళ్లు రెండూ ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. వసారాలో లైటు వేసి చూసి పక్షవాతమే అనుకున్నాం. మావారు వాడిని పాత దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నారు. నేను ఆటో కోసం గేటు తీసుకుని బయటికి పరుగెత్తాను.

గేటు బయట ఒక వీధికుక్క పిల్ల ఉంది. నెల రోజులుగా అక్కడే ఉంటోంది. చీకట్లో నన్ను చూసి తోకతో పాటు నడుము కూడా ఊపుతూ లేచి నిలబడింది. అప్పుడు నా మనసులో ఒక మాట మెదిలింది: "ఇది ఉందిగా."

11 ఏళ్లు మాతో బతికినవాడు నా వెనక దుప్పట్లో వణుకుతున్నాడు. వాడు ఉంటాడో పోతాడో తెలియని నిమిషంలో, వాడి చోటు ఖాళీ అయితే దేంతో నింపుకోవాలో నా మనసు అప్పటికే చూసి పెట్టుకుంది. ఆటోలో వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నంతసేపూ నాకు ఆ మాటే వినపడుతూ ఉంది.

పక్షవాతం కాదన్నారు డాక్టరుగారు. ముసలి కుక్కలకి వస్తూ ఉంటుందట. చెవి లోపల ఒంటి సమతూకం చూసుకునే చోట తేడా చేస్తే ఇల్లంతా గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది. నిలబడలేవు, తినలేవు. చూసేవాళ్లు ఇక అయిపోయిందనుకుంటారు. రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, రెండు వారాలకి చాలామటుకు కోలుకుంటుంది, తల మాత్రం కాస్త వాలే ఉండిపోవచ్చు అన్నారు. అలాగే జరిగింది. మూడు రోజులు పెరుగన్నం మెత్తగా పిసికి చేత్తో తినిపించాం, నీళ్లు గరిటెతో పట్టాం. తొమ్మిదో రోజున తనంతట తనే వసారా మెట్లు దిగాడు. తల ఇప్పటికీ ఏదో వింటున్నట్టు ఎడమకి వాలే ఉంటుంది.

వాడు కోలుకున్నాడు కానీ ఆ మాట నాలోనే ఉండిపోయింది. ఇంకో కుక్కని ఇంట్లోకి తెచ్చుకోవాలా వద్దా అని ఆ తర్వాత మా ఇంట్లో నెల రోజులు నడిచిన చర్చ అంతటికీ అడుగున నాకు వినపడుతున్నది అదే.

ఈ పిల్ల కథ మా వీధిలో అందరికీ తెలుసు. కాకినాడలో మా వీధి మలుపులో మురుగుకాలవ పనికని తెచ్చి, పని ఆగిపోయాక వదిలేసిన సిమెంటు తూములు నాలుగున్నాయి. శ్రావణంలో ఒక నల్లకుక్క వాటిలో ఒకదాంట్లో ఆరు పిల్లల్ని పెట్టింది. వినాయక చవితి నాటికి ఆరూ కళ్లు తెరిచి తూము అంచు దాకా దేకుతూ వచ్చేవి. దసరా లోపే రెండు పిల్లలు బండ్ల కింద పడ్డాయి. దసరా మర్నాడు తల్లిని వ్యాను గుద్దేసింది. తర్వాత రక్తవిరేచనాలు పట్టుకుని మూడు పోయాయి. పార్వో అని టీ కొట్టావిడకి కూడా తెలుసు. ఆవిడ మజ్జిగ పట్టింది, ఓఆర్ఎస్ నీళ్లు పట్టింది. చివరికి మిగిలింది ఇదొక్కతే. గోధుమరంగు ఒళ్లు, ముందుకాలు ఒకటి మడమ దాకా తెలుపు. "మగదైతే ఎవరో ఒకరు పట్టుకుపోయేవారమ్మా, ఆడది కదా" అంది ఆవిడ.

కోల్‌కతా ఐసర్ పరిశోధకులు అయిదేళ్ల పాటు వీధికుక్కల పిల్లల్ని లెక్కపెట్టి 2016లో ఆ లెక్క ప్రచురించారు. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్లో, పిల్లల్ని కనే వయసు దాకా మిగిలినవి నూటికి 19. పోయినవాటిలో 63 శాతం చావులకి మనుషుల ప్రమేయం ఉంది. మా తూములో మిగిలింది ఆరింటికి ఒకటి. మా లెక్క కూడా ఇంచుమించు అంతే. కానీ ఆ లెక్క పుస్తకంలో చదవడం వేరు, పొద్దున్నే ముగ్గుగిన్నెతో బయటికొచ్చి ఇవాళ తూము దగ్గర ఎన్ని ఉన్నాయో చూసుకోవడం వేరు.

మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఏడుపు ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడ తిరుగుతున్న పిల్లని ఆయన తమ్ముళ్లు కొడతారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమతో చెప్పుకుంటుంది. ఆ తల్లి వచ్చి రాజుని నిలదీస్తుంది, శపిస్తుంది. అంత పెద్ద యుద్ధం కథ చెప్పబోతూ ముందు ఈ కథ ఎందుకు చెప్పారో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. మా గేటు ముందు కూర్చున్న ఈ పిల్లకి పోయి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. దానికి జరిగినవన్నీ మా కళ్ల ముందే జరిగాయి. అడిగే నోరు లేదు కాబట్టి మేం చెప్పాల్సిన జవాబు లేకుండా పోతుందా?

దానికోసం గేటు బయట ఒక సత్తుగిన్నె పెట్టడం మొదలుపెట్టాను. అన్నం, చికెన్ కొట్టులో దొరికే మెడలూ కాళ్లూ ఉడికించిన నీళ్లు. పక్కింటాయన వారం చూసి ఒక ఆదివారం మర్యాదగానే అడిగారు: "అమ్మా, మీరు పెడుతున్నారు కాబట్టి అది ఇక్కడే పెరుగుతుంది. రేపు ఈనుతుంది. మా మనవడు సైకిల్ తొక్కుతాడు. పెంచుకుంటే లోపలికి తీసుకోండి, లేదంటే మానేయండి." నాకు కోపం రాలేదు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో కూడా ఈ మాట ఉంది: దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాల్సింది తీసుకున్నవాళ్లే. గేటు బయట గిన్నె పెట్టి పుణ్యం నాకూ, భయం పక్కింటి పిల్లాడికీ మిగల్చడం సరికాదు. అక్కడితో మాకు మధ్యదారి మూసుకుపోయింది. ఇంక తేల్చుకోవాల్సిందే.

మావారు లెక్క మనిషి. డైరీ వెనకపేజీలో రాసి చూపించారు. ఇంటి తిండి తిని, టీకాలు పడిన నాటుకుక్క 12 నుంచి 15 ఏళ్లు ఉంటుంది. ఆయనకి 66, నాకు 60. దీని చివరి రోజులకి ఆయనకి 80, నాకు 74. "ఆ వయసులో దీన్ని దుప్పట్లో చుట్టి ఎత్తగలనా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కర్ణుడిని తెచ్చుకున్నప్పుడు ఈ లెక్క మా ఇద్దరికీ తట్టలేదు, ఆ వయసులో తట్టదు. మొదటి కుక్కని మనసుతో తెచ్చుకుంటాం. రెండోదాన్ని తెచ్చుకునేసరికి మనకి ఏం జరుగుతుందో ముందే తెలుసు. టీకాల తేదీలు తెలుసు, వానాకాలంలో వేళ్ల సందుల్లో పిడుదులు ఏరడం తెలుసు, చివరికి ఎలా ఉంటుందో కూడా తెలుసు. అంతా తెలిసి సరే అనడం మొదటిసారి కంటే బరువైన మాట. డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. మాకేదైనా అయితే దీన్ని ఎవరు చూస్తారన్నదానికి మాత్రం సర్దుబాటు మాట చెల్లదు. ఇదే ఊళ్లో ఉన్న మా చెల్లెలి కొడుకుని పిలిచి కూర్చోబెట్టి అడిగాం. వాడు నవ్వేసి "అలాగే పెద్దమ్మా" అన్నాడు. అలా నవ్వుతూ కాదు, రెండు రోజులు ఆలోచించి చెప్పమన్నాను. మూడో రోజున ఫోన్ చేసి చూసుకుంటానన్నాడు.

అత్తయ్యగారి విషయం ఇంకా పెద్దది. ఆవిడకి 83. మోకాలి ఆపరేషన్ అయి రెండేళ్లయింది, చేతికర్రతో నడుస్తారు. పిల్లకుక్క కాళ్లకి అడ్డం పడిందంటే ఆవిడ మళ్లీ లేవరు. ఈ ఒక్క కారణానికే వద్దనుకున్నా తప్పులేదు. హాలుకీ వసారాకీ మధ్య నడుమెత్తు చెక్కతలుపు పెట్టిస్తేగానీ ఆలోచించేది లేదని మావారు, నేను ఒక మాట అనుకున్నాం. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకున్నాడు.

అందరూ చెప్పే కారణం ఒకటుంది: "ముసలాడికి తోడుగా ఉంటుంది." ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదని వెనకటివాళ్లు అన్నట్టే ఇదీ అనేస్తారు. నేనూ కొన్నాళ్లు అదే చెప్పుకుని హాయిగా ఉన్నాను. కానీ కర్ణుడి రోజు నాకు తెలుసు. అత్తయ్యగారి పూజ అయ్యేదాకా గడప బయట పడుకుంటాడు. ఆవిడ పెట్టిన కొబ్బరిముక్క తిని పెరట్లో జామచెట్టు కిందికి పోతాడు. మధ్యాహ్నం మావారి కుర్చీ కింద, సాయంత్రం గేటు దగ్గర. రోజులో సగానికి పైగా నిద్రే. వాడి తోడు మేమే. తుంటి కీళ్లు అరిగినవాడిని నాలుగు నెలల పిల్ల వచ్చి చెవి పట్టి లాగితే అది తోడు ఎలా అవుతుంది? తోడు కావాల్సింది నాకు. వాడి పేరు చెప్పి నేను అడుగుతున్నాను.

పైగా పంపకాల్లో తేడా కుక్కకి తెలియదనుకోవడం పొరపాటు. 2008లో వియన్నా విశ్వవిద్యాలయంలో ఫ్రీడెరికె రాంగె, ఆమె తోటివాళ్లు రెండేసి కుక్కల్ని పక్కపక్కన కూర్చోబెట్టి చెయ్యి ఇవ్వమని అడిగారు. ఒకదానికి ముక్క పెట్టి రెండోదానికి ఏమీ పెట్టకపోతే, ఆ పెట్టనిది కాసేపటికి చెయ్యి ఇవ్వడం మానేసింది. ఒక్కతే ఉన్నప్పుడు ఏమీ పెట్టకపోయినా అంత తొందరగా మానలేదు. పక్కవాళ్లకి పెట్టి తనకి పెట్టలేదన్నదే దానికి పట్టింది. అది చదివాక కర్ణుడి ముఖంలోకి చూడటం నాకు కొన్నాళ్లు కష్టమైంది.

చివరికి అత్తయ్యగారికి చెప్పుకున్నాను, ఆ తెల్లవారుజామున నాకొచ్చిన మాట గురించి. ఆవిడ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర, కొబ్బరితోటల మధ్య. వింటూ వింటూ కాళ్లకి నూనె రాసుకోవడం ఆపారు.

"మా తోటలో ముసలి చెట్లు కొట్టకముందే మధ్యమధ్యలో మొక్కలు పాతేవారే అమ్మాయ్. చెట్టు చావాలనా పాతేది? తోట ఉండాలని."

"చెట్టుకి తెలియదు కదా అత్తయ్యా. వీడికి తెలుస్తుంది."

ఆవిడ కాసేపు ఊరుకున్నారు. గడప బయట కర్ణుడు తల వాల్చుకుని మా ఇద్దరినీ చూస్తున్నాడు.

"అయితే వాడికి తెలిసేలాగే చెయ్యి" అన్నారు.

కర్ణుడికి జరిగే అన్యాయం గురించి అంత బాధపడ్డానే గానీ, ఆ మాటలో ఈ పిల్లకి జరిగే అన్యాయం కూడా ఉందని నాకు ఆలస్యంగా తట్టింది. "ఇది ఉందిగా" అన్నప్పుడు అది నాకు ఒక కుక్క కాదు. ఖాళీ కాబోయే చోటుకి కొలత సరిపోయే ఒక ఒళ్లు, అంతే. కర్ణుడిలా చెవి వాలుతుందేమో, కర్ణుడిలా గడప దగ్గర పడుకుంటుందేమో అని చూసేదాన్ని. మనసులో చిన్నకర్ణి అని కూడా పిలుచుకున్నాను. పుట్టిన అయిదుగురు తోబుట్టువుల్నీ కన్నతల్లినీ పోగొట్టుకుని మిగిలినదాన్ని తెచ్చి ఇంకొకరి పాత్ర వెయ్యమనడం ఏం న్యాయం?

1914లో జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో రాతిగని పనివాళ్లకి ఒక సమాధి దొరికింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్క. 14 వేల ఏళ్ల నాటి ఎముకలు. ఆ కుక్క పళ్లని మళ్లీ పరీక్షించి 2018లో పరిశోధకులు రాసిన వ్యాసం నన్ను చాలాసేపు కూర్చోబెట్టేసింది. అది 27, 28 వారాల పిల్ల. 19వ వారంలో దానికి పెద్ద జబ్బు చేసింది, చాలావరకు డిస్టెంపర్ అయి ఉంటుందన్నారు. 21వ వారంలో మళ్లీ, 23వ వారంలో మళ్లీ. జబ్బు చేసిన ప్రతిసారీ పంటి పింగాణీ మీద ఒక గీత పడింది. మనుషులు పక్కన కూర్చుని తినిపించి, తుడిచి, వెచ్చగా ఉంచకపోతే ఆ పిల్ల అన్ని వారాలు బతికే అవకాశం లేదు. ఆ రోజుల్లో దానివల్ల వాళ్లకి ఏ పనీ జరగదు. వేటకి రాదు, కాపలా కాయదు. దాన్ని దానికోసమే చూసుకున్నారు.

అదే పరిశీలనలో ఇంకో సంగతి తేలింది. ఆ ఎముకల్లో ఒక పన్ను ఈ పిల్లది కాదు. దీనికంటే ముదురు వయసుదీ, చిన్న ఒళ్లుదీ అయిన రెండో కుక్కది. ఒక పిల్ల, ఒక పెద్దది. నేను వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకున్నాను. మా గేటు బయటి పిల్లకి అప్పుడు సరిగ్గా 19వ వారం.

ఆ మర్నాటి నుంచి దాన్ని దానిగా చూడటం మొదలుపెట్టాను. కర్ణుడు పెట్టింది పెట్టినచోటే తింటాడు. ఇది అన్నం గిన్నెలో తింటుంది గానీ బన్ను ముక్క ఇస్తే మాత్రం తినదు. నోట కరచుకుని వీధి దాటి తూము దగ్గరికి పోతుంది. తూములోకి సగం దూరి, అక్కడ కాసేపు నిలబడి, అప్పుడు తింటుంది. ఒక్కోసారి తినకుండా లోపల పెట్టి వచ్చేస్తుంది. భద్రమైన చోటని అలా చేస్తుందని డాక్టరుగారన్నారు, అదే అయి ఉండొచ్చు. స్టీలు పళ్లెం చప్పుడైతే దూరంగా పారిపోతుంది. కుళాయి కింద కారే చుక్కని నాలుక చాపి పట్టుకుంటుంది. గిన్నెలో నీళ్లున్నా సరే అదే కావాలి. వీటిలో ఒక్కటి కూడా కర్ణుడిది కాదు. ఈ సంగతులన్నీ చూశాక, కర్ణుడు నూరేళ్లు ఉన్నా ఇది నాకు కావాలా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కావాలనిపించింది. ఆ జవాబు వచ్చాకే మావారితో "తెచ్చుకుందాం" అన్నాను.

డాక్టరుగారు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశాం. తోబుట్టువులు పార్వోతో పోయాయి కాబట్టి ముందు టీకా. పద్నాలుగు రోజులు పెరట్లో బట్టలుతికే గట్టు పక్కన వేరుగా. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి చావదు కాబట్టి గచ్చు బ్లీచింగుతో కడగడం, దాని దగ్గరికి వెళ్లే చెప్పులు వేరు. కర్ణుడి టీకాలు ఎలాగూ ఏటా పడుతున్నాయి. రెండింటినీ మొదటిసారి ఇంట్లో కలపకండి, ఇల్లు వాడిది, బయట ఎవరిదీ కాని చోట కలపండి అన్నారు. గిన్నెలు దూరంగా, పడకలు వేరుగా, ఏది పెట్టినా ముందు వాడికి. వాడు గుర్రుమంటే మాత్రం తిట్టొద్దని రెండుసార్లు చెప్పారు. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరించడం మాన్పిస్తే ఇంక వాడికి కరవడమే మిగులుతుంది.

పదిహేనో రోజు సాయంత్రం వీధి చివర ఖాళీస్థలానికి తీసుకెళ్లాం. మావారి చేతిలో కర్ణుడు, నా చేతిలో పిల్ల. మధ్యన పది గజాల ఎడం పెట్టి ఒకే దిక్కుకి నడిచాం. తర్వాత అయిదు గజాలు. పిల్ల గొలుసు లాగేస్తోంది. కర్ణుడు దాని వంక చూడనట్టే నడుస్తున్నాడు కానీ నిలబడ్డ చెవి దీని వైపే ఉంది. మూడో చుట్టులో ఆగాడు. మేమూ ఆగాం. వాలిన తలతో దగ్గరికొచ్చి వాసన చూశాడు. పిల్ల గబుక్కున మూతి మీద నాకబోతే గొంతులో బరువుగా గుర్రుమన్నాడు. మావారి చెయ్యి గొలుసు మీద బిగిసింది, నేను వద్దన్నాను. పిల్ల వెల్లకిలా పడి పొట్ట చూపించింది. వాడు ఆ పొట్ట మీద ముక్కు పెట్టి చాలాసేపు వాసన పీల్చాడు. తుమ్మాడు. తిరిగి నడక మొదలుపెట్టాడు.

ఇప్పటికి అంతే. స్నేహం అనను. వాడు లేచి వెళ్లిన చోట ఇది పడుకుంటుంది, వాడు తిరిగొస్తే లేచిపోతుంది. మొన్న ఒకసారి లేవలేదు, వాడూ లేపలేదు. రాత్రిళ్లు వాడి పడక నా మంచం పక్కకే వచ్చింది. దానికి వసారాలో గోనెసంచి. రెండో గిన్నె గేటు లోపలికి వచ్చింది.

టీకా కార్డు మీద యజమాని అన్నచోట నా పేరు రాశారు. కుక్క పేరు అన్నచోట ఇంకా ఖాళీగానే ఉంది. అత్తయ్యగారు రోజుకొక పేరు చెప్తున్నారు, నేను ఇంకొన్నాళ్లు ఆగుదామంటున్నాను. బన్ను ముక్క ఇస్తే అది ఇప్పటికీ తినదు. నోట కరచుకుని గేటు దాకా పోయి, మూసి ఉందని చూసి, అక్కడే నిలబడుతుంది. నేను గొలుసు తగిలించి, గేటు తీసి, దానితో తూము దాకా వెళ్లి వస్తున్నాను.